చంటిపిల్లలతో ఎర్రమట్టి నేలకి: కారవాన్ కట్టుకుని బయల్దేరే ముందు (ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. కారు వెనక కారవాన్, అంటే చక్రాల మీద ఇల్లు, తగిలించుకుని చంటిపిల్లలతో ఆస్ట్రేలియా నడిమధ్య ఎర్రమట్టి ఎడారికి ఎలా వెళ్ళాలో ఇవాళ చెప్పుకుందాం. వెనక గదిలో పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళ ఓపిక ఎంతసేపో మన సమయమూ అంతసేపే. అందుకని నేరుగా ఒక లెక్కతో మొదలుపెడదాం.

మెల్‌బోర్న్ నుంచి ఎడిలైడ్ దాదాపు 730 కిలోమీటర్లు. ఎడిలైడ్ నుంచి, ఉలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండ పక్కనున్న యులారా ఊరికి సుమారు 1,600. పోను 2,330, రాను మళ్ళీ అంతే. మొత్తం 4,660. జులై బడి సెలవులు శని ఆదివారాలతో కలిపి 16 రోజులు. భాగిస్తే రోజుకి 290 కిలోమీటర్లు, అదీ ఒక్కరోజు కూడా ఎక్కడా ఆగకుండా. ఐదేళ్ళలోపు పిల్లల్ని సీటుకి కట్టి 16 రోజులు తిప్పితే అది వాళ్ళకి శిక్షే. అందుకని నా మొదటి మాట: మూడు వారాలు దొరక్కపోతే రెండువైపులా రోడ్డు మీద పోవద్దు. ఎడిలైడ్‌లో మోటర్‌హోమ్, అంటే ఇల్లూ బండీ ఒకటిగా ఉండేది, అద్దెకి తీసుకుని ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్ళో అప్పగించి విమానంలో తిరిగి రండి. సొంత కారవాన్ ఉంటే ఫ్లిండర్స్ రేంజెస్ కొండల దాకా వెళ్ళి వెనక్కి తిరగండి. ఎడిలైడ్ నుంచి ఆ కొండల్లోని విల్పెనా పౌండ్ 450 కిలోమీటర్ల లోపే. మూడేళ్ళ పిల్లకి ఎర్రటి కొండలూ, కంగారూలూ, ఈమూ పక్షులూ అక్కడే కడుపునిండా దొరుకుతాయి. ఉలూరు ఎక్కడికీ పోదు, పిల్లకి ఆరేళ్ళొచ్చాక కూడా అక్కడే ఉంటుంది.

ఈ ప్రయాణంలో పెద్దవాళ్ళు చేసే తప్పల్లా మ్యాపు చూసి రోజుని కొలవడం. రోజుని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ కడుపూ, నిద్రా చూసి కొలవాలి. పొద్దున ఏడున్నరకి టిఫిను, ఎనిమిదిన్నర, తొమ్మిదికి కదలడం, రెండు గంటలు నడపడం, అరగంట ఆట. మళ్ళీ గంటన్నర, అప్పుడు భోజనం. తర్వాత పిల్లలు సీట్లో కునుకు తీస్తారు కదా, ఆ కునుకులో ఇంకో గంట. మధ్యాహ్నం రెండున్నర, మూడింటికల్లా బండి నిలిచిపోవాలి. కారవాన్ లాగుతూ 90 దగ్గర నడిపితే ఇది 300, మహా అయితే 370 కిలోమీటర్లు. రెండు రోజులు నడిపాక మూడో రోజు బండి కదపకూడదు. మూడింటికల్లా ఆగమనడానికి ఇంకో కారణం ఉంది. పొద్దువాలాక కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. ఉత్తరాన కంచెల్లేని చోట పశువులు తారు వెచ్చదనానికి రోడ్డు మీదే పడుకుంటాయి. మూడు టన్నుల బరువు లాగుతున్న కారు వాటిని తప్పించబోయి పక్కకి తిరిగితే బోల్తాయే. స్టీరింగ్ తిప్పకండి, నేరుగా ఉంచి బ్రేకు వెయ్యండి. చీకటిపడ్డాక అసలు నడపకపోవడం అన్నిటికన్నా మంచిది.

ఈ కొలతతో ఎడిలైడ్ నుంచి ఉత్తరానికి పోయే దారి (పోర్ట్ ఆగస్టా దాటాక దాని పేరు స్టువర్ట్ హైవే) ఇలా విడిపోతుంది, అంకెలన్నీ కిలోమీటర్లు. ఎడిలైడ్ నుంచి పోర్ట్ ఆగస్టా 310. అక్కణ్ణుంచి పింబా 175. పింబా నుంచి గ్లెండాంబో 113, గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ 254, ఈ రెండూ ఒకే రోజు చేయొచ్చు గానీ అదే ఈ దారిలో అన్నిటికన్నా పొడుగు రోజు. కూబర్ పీడీ నుంచి మార్లా 235, మార్లా నుంచి ఎర్ల్‌డండా 255, అక్కడ ఎడమకి తిరిగితే యులారా 245. ఈ దారంతా తారు రోడ్డే, 1987 నుంచీ. ఎర్రమట్టి రోడ్డు తొక్కకుండానే ఎర్రమట్టి నేల చూడొచ్చు. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇది పెద్ద వరం.

ఎప్పుడు వెళ్ళాలి? మే నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా. డిసెంబరు సెలవుల్లో మాత్రం వద్దు. మధ్య ఆస్ట్రేలియాలో అప్పుడు 40 డిగ్రీలు దాటడం మామూలే. కారు ఆగిపోయి ఏసీ పోతే పెద్దవాళ్ళ కంటే చాలా ముందు పసిపిల్ల ఒళ్ళు వేడెక్కుతుంది. జులైలో పగలు హాయిగా ఉంటుంది కానీ రాత్రి ఆలిస్ స్ప్రింగ్స్‌లో సగటున 4 డిగ్రీలు, కొన్ని రాత్రులు సున్నా కిందికి. కొళాయికి తగిలించిన పైపులో నీళ్ళు గడ్డకడతాయి. అందుకని పడుకునే ముందే కెటిల్ నింపి పెట్టుకోండి, పొద్దున పాలకి నీళ్ళుంటాయి. చలికి గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలి పడుకోవడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. డీజిల్ హీటర్ ఉంటే సరే, లేకపోతే పిల్లలకి ఊలు లోదుస్తులూ, స్లీపింగ్ బ్యాగులూ.

ఇక బరువు. ఇది విసుగు పుట్టించే విషయమని చాలామంది దాటేస్తారు. నాకు తెలిసి ఈ గంటలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాగితం, పెన్ను తీయండి.

కారవాన్ మీద ఒక రేకు కొట్టి ఉంటుంది. దాని మీద టేర్ అని ఖాళీ బరువు, ఏటీఎమ్ అని సామానుతో కలిపి మోయగల గరిష్ఠ బరువు రాసి ఉంటాయి. ఏటీఎమ్ 2,500, టేర్ 2,100 అనుకుందాం. తేడా 400 కిలోలు. మీరు వేసే ప్రతిదీ ఈ 400లోనే. రెండు నీళ్ళ ట్యాంకులు, ఒక్కోటి 95 లీటర్లు, లీటరు నీళ్ళు కిలో, అంటే 190 పోయాయి. రెండు 9 కిలోల సిలిండర్లలో గ్యాసు 18. మిగిలింది 192. అందులో పరుపులు, బట్టలు, గిన్నెలు, మంచం పక్క ఊచలు, ఎనెక్స్ గుడారం, పిల్లల సైకిళ్ళు, డైపర్ల కట్టలు, పది కిలోల బియ్యం. ఎంత తొందరగా దాటిపోతామో చూడండి.

కారు వైపు లెక్క ఇంకా ఇరుకు. కారవాన్ ముందు కొన కారు వెనక మోపే బరువు, టో బాల్ బరువంటారు, మొత్తంలో సుమారు పదోవంతు ఉండాలి. ఇక్కడ 250 కిలోలు. అది కారు మోయగల బరువులోంచే పోతుంది. కారు 650 కిలోలు మోస్తుందనుకుంటే: బాల్ 250, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ 175, పిల్లల సీట్లు 20, కారు ముందు బిగించే ఇనుప కమ్మీ (బుల్‌బార్) 60, కారులో ఫ్రిజ్ సామానుతో 40, విడిగా మోసే నీళ్ళు 60. మొత్తం 605. ఇక మిగిలింది 45 కిలోలే. అమ్మేవాళ్ళు 3,500 కిలోలు లాగుతుందని చెప్పిన కారు కూడా ఇక్కడే ఓడిపోతుంది. లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. సామానంతా వేసుకుని, ట్యాంకులు నింపి, పిల్లల్ని కూర్చోబెట్టి బయల్దేరడానికి రెండు వారాల ముందే వేబ్రిడ్జి మీదికి వెళ్ళండి. ముందు కారు విడిగా, తర్వాత రెండూ కలిపి, ఆ తర్వాత కారవాన్ విడిగా తూచండి. హద్దు దాటితే టైర్లు పేలతాయి, ప్రమాదమైతే బీమా కంపెనీ చెయ్యెత్తేసే అవకాశమూ ఉంది.

ఎంత వేశామన్నది ఒకటైతే ఎక్కడ వేశామన్నది రెండోది. డబ్బాలూ, నీళ్ళూ, పనిముట్లూ చక్రాల ఇరుసు మీదుగా, నేలకి దగ్గరగా ఉండాలి. వెనక బంపర్‌కి రెండు సైకిళ్ళూ, ఒక పెట్టె పనిముట్లూ తగిలిస్తే తోక బరువెక్కి బాల్ మీద బరువు తగ్గుతుంది. అప్పుడు లారీ గాలి తగలగానే కారవాన్ పాము తోకలా ఊగడం మొదలుపెడుతుంది. ఊగితే కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్‌తో సరిచేయబోకండి. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీస్తూ, చేత్తో నొక్కే కారవాన్ బ్రేకు మీటని నొక్కండి. అది కారవాన్‌ని వెనక్కి పట్టి నిటారు చేస్తుంది. డ్రైవరు చెయ్యి చూడకుండానే ఆ మీట మీదికి వెళ్ళాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ పదిసార్లు అలవాటు చేసుకోండి, భార్యాభర్తలిద్దరూ.

చక్రాల నట్లు బయల్దేరిన 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి టార్క్ రెంచితో బిగించాలి. టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కారవాన్ టైర్లు అరగకముందే ఎండకి పాతబడతాయి, ఏడేళ్ళు దాటినవి మార్చేయండి. ఆగిన ప్రతిచోటా చక్రం నడిమి భాగం, హబ్, దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలిపోతుంటే బేరింగు పోతోందన్నమాట, అక్కణ్ణుంచి కదలొద్దు.

కారవాన్ లాగుతూ వంద కిలోమీటర్లకి 15 నుంచి 20 లీటర్ల డీజిల్ తాగుతుంది, ఎదురుగాలైతే ఇంకా ఎక్కువ. 80 లీటర్ల ట్యాంకు 440 వెళ్తుందని కాగితం మీద వచ్చినా 350కే లెక్క వేసుకోండి. గ్లెండాంబోకీ కూబర్ పీడీకీ మధ్య 254 కిలోమీటర్లలో పెట్రోలు బంకు లేదు. రోడ్‌హౌస్, అంటే దారి పక్కన బంకూ తిండీ దొరికే చోటు, కనిపిస్తే నింపడమే, సగం ఉందని చూసుకోవద్దు. బంకులోకి వెళ్ళే ముందే కారవాన్ ఫ్రిజ్ గ్యాసు ఆపేయాలి. అసలు బండి కదిలేటప్పుడే సిలిండర్ వాల్వ్ మూసేసి, ఫ్రిజ్‌ని 12 వోల్టుల మీదికి మార్చుకోవాలి.

నీళ్ళ సంగతి. మనిషికి రోజుకి తాగడానికీ వంటకీ 5 లీటర్లు, నలుగురికి 20, మూడు రోజులకి 60. ఇది కారవాన్ ట్యాంకుల్లో కాదు, 20 లీటర్ల క్యాన్లు మూడు, కారులో. ఎందుకంటే రాయి తగిలి ట్యాంకు పగలొచ్చు, కారవాన్‌ని వదిలేసి కారు ఒక్కటే పోవాల్సి రావొచ్చు. బండి ఆగిపోతే నడిచి వెళ్ళొద్దు. బండి నీడలో ఉండండి. నడిచే మనిషి కంటే బండి తేలిగ్గా కనిపిస్తుంది.

పసిబిడ్డకి డబ్బాపాలు పట్టేవాళ్ళు ఇక్కడ ప్రత్యేకంగా వినండి. ఎడారి ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్ళే. ఆ నీళ్ళలో నైట్రేటు ఎక్కువ ఉండొచ్చు. ఆస్ట్రేలియా తాగునీటి మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల లోపు పసివాళ్ళకి లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, మిగతా అందరికీ 100 దాకా ఫర్వాలేదు. అంటే మీరు తాగి బాగానే ఉన్న నీళ్ళు బిడ్డకి హాని చేయొచ్చు, రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారుతుంది. మనం ఇంట్లో మరిగిస్తే మంచిదనుకుంటాం. మరిగిస్తే నైట్రేటు పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలపొడికి సీసా నీళ్ళే వాడండి, రోజుకి ఎన్ని సీసాల పాలో లెక్కేసి పోర్ట్ ఆగస్టాలోనే కొనుక్కోండి.

ఇంకోటి. శుద్ధి చేయని గోరువెచ్చటి నీళ్ళలో నెగ్లీరియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. 1965లో దీన్ని మనుషుల్లో మొదటగా గుర్తించింది ఈ దారిలోని పోర్ట్ ఆగస్టా ప్రాంతపు కేసుల వల్లే. ఆ నీళ్ళు తాగితే రాదు, ముక్కులోకి పోతే మెదడుకి ఎక్కుతుంది. చాలా అరుదు, వస్తే మాత్రం బతకడం కష్టం. కాబట్టి తెలియని బోరు నీళ్ళ పైపుతో పిల్లల్ని ఒకరి మొహం మీద ఒకరు చిమ్ముకోనివ్వకండి. వేడినీటి గుంటల్లో తల ముంచనివ్వకండి. క్లోరిన్ వేసిన ఈతకొలనులో ఎంతసేపైనా ఆడుకోనివ్వండి.

మన వంటలకి వద్దాం. సౌత్ ఆస్ట్రేలియాలోకి పండ్ల ఈగ రాకుండా పచ్చి పండ్లూ కూరగాయలూ చాలావాటిని రానివ్వరు. మిల్డూరా దారిలో యంబా దగ్గరా, బ్రోకెన్ హిల్ దారిలో ఊడ్లా విర్రా దగ్గరా తనిఖీ కేంద్రాలున్నాయి. టమాటాలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, అరటిపళ్ళు ఏవీ దాచొద్దు, జరిమానా వేస్తారు. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబపు చెట్టే, దాన్నీ వదిలేయండి. వండేసినవి తీసుకెళ్ళొచ్చు. అంటే బయల్దేరే ముందు రోజే టమాటా పప్పు, వంకాయ కూర, చింతపండు పులిహోర చేసి పెట్టుకుంటే రెండు పనులూ అయిపోతాయి. కూరగాయలు మళ్ళీ పోర్ట్ ఆగస్టాలో కొనుక్కోండి, అక్కడ ధర నగరంలోలాగే ఉంటుంది. ఆపైన రోడ్‌హౌసుల్లో కొంటే చాలా ఎక్కువ.

పోపు కారవాన్ లోపల వేయకండి. పొగకి అలారం మోగుతుంది, ఆవాలు చిట్లి చిన్న చోటులో పిల్లల మీద పడతాయి, ఎండుమిర్చి ఘాటు పరుపులకి పట్టేస్తుంది. బయట చిన్న బర్నర్ పెట్టి, గాలికి అడ్డం రేకు పెట్టి వేసుకోండి. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒక్కటి చాలు, నీళ్ళూ గ్యాసూ రెండూ కలిసొస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకండి, గిన్నెల మొదటి కడుగుకి పనికొస్తాయి. రాత్రి చలికి పెరుగు తోడుకోదు. పాలు గోరువెచ్చగా చేసి తోడేసి థర్మాస్ ఫ్లాస్కులోనో, హాట్‌ప్యాక్‌లోనో పోసి మూత పెట్టి, చుట్టూ దుప్పటి చుట్టి ఉంచండి, పొద్దునకి గడ్డ పెరుగు. డబ్బాల్లో అమ్మే యూహెచ్‌టీ పాలు కూడా బాగానే తోడుకుంటాయి. దారిలో చంటిపిల్లల కడుపుకి దద్దోజనం మించింది లేదు, కానీ అది 5 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు గంటల్లో అయిపోవాలి. ఆవకాయ సీసా మూత రోడ్డు కుదుపుకి దానంతటదే వదులవుతుంది. మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, సీసాని గిన్నెలో పెట్టి, గిన్నెని తువ్వాలుతో చుట్టండి. నూనె ఒకసారి అలమారులోకి దిగితే ఆ ప్రయాణంలో వదలదు.

కారవాన్ పార్కుల్లో కరెంటు 15 ఆంపియర్లే. హీటర్, కెటిల్, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి పెడితే ట్రిప్ అవుతుంది. ఒకదాని తర్వాత ఒకటి.

మరుగుదొడ్డి గురించి మొహమాటం లేకుండా చెప్పుకుందాం. కారవాన్ మరుగుదొడ్డి కింద ఉండే తొట్టె, క్యాసెట్ అంటారు, దాదాపు 18, 20 లీటర్లు. కాగితం వాడేవాళ్ళకి రెండు మూడు రోజులొస్తుంది. మనం నీళ్ళు వాడతాం, పిల్లల్ని కడుగుతాం, అది ఒక్కరోజులో నిండుతుంది. నిండితే దాన్ని ఖాళీ చేసే చోటు, డంప్ పాయింట్, దొరికేదాకా ఇక ఏ దారీ లేదు. అందుకని పగలు పార్కులోవే వాడి, క్యాసెట్‌ని రాత్రికీ, దారిలో అత్యవసరానికీ ఉంచండి. చిన్నపిల్లలకి మడత పాటీ, అందులో ఒక డైపర్ పరిస్తే కడిగే పని లేదు. దీనికోసం రోడ్డు అంచున ఆగకండి, విశ్రాంతి స్థలం దాకా పోనివ్వండి.

రోడ్డు మీద రోడ్ ట్రైన్లుంటాయి, అంటే వరసగా ట్రెయిలర్లు లాగే పెద్ద లారీలు. 53 మీటర్ల పైచిలుకు పొడుగు, మూడు నాలుగు ట్రెయిలర్లు. దాన్ని దాటాలంటే కిలోమీటరుకి పైగా ఖాళీ రోడ్డు కళ్ళకి కనిపించాలి. పిల్లలున్న బండికి అంత తొందరేముంది, వెనకే పోనివ్వండి. అది మిమ్మల్ని దాటుతుంటే మీ వరసలోనే, అదే వేగంతో ఉండండి, హఠాత్తుగా బ్రేకు వేయొద్దు. యూహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకోండి. ట్రక్కులవాళ్ళు మాట్లాడుకునేది 40వ ఛానెల్, కారవాన్లవాళ్ళు 18. 5వ ఛానెల్ అత్యవసరానికే, దాంతో పిల్లల్ని ఆడనివ్వకండి.

ఊళ్ళ మధ్య ఫోను సిగ్నల్ ఉండదు. టెల్‌స్ట్రా సిమ్ ఒకటి ఉంటే కొంత మేలు. ఉపగ్రహ మెసెంజరో, ఆపదలో సంకేతం పంపే నమోదు చేసిన బీకనో అద్దెకైనా తీసుకోండి. రోడ్డుకి దూరంగా ప్రాణం మీదికొస్తే ఎగిరి వచ్చేది ఫ్లయింగ్ డాక్టర్లే. 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీలో మొదలైన ఆ సేవ ఇప్పటికీ ఈ నేలకి ఊపిరి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో వాళ్ళ సందర్శక కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్ళండి. అదే ఊళ్ళో 1951లో రేడియోతో మొదలైన స్కూల్ ఆఫ్ ది ఎయిర్ ఉంది. బడికి వందల మైళ్ళ దూరంలో ఉండే పిల్లలు ఎలా చదువుకుంటారో చూస్తే మన పిల్లలు అడిగే ప్రశ్నలు ఆగవు.

సీట్ల చట్టం తెలుసు కదా: ఆరు నెలల లోపు వెనక్కి తిరిగిన సీటు, నాలుగేళ్ళ దాకా హార్నెస్ ఉన్న సీటు, ఏడేళ్ళ దాకా హార్నెసో బూస్టరో. ఇండియా నుంచీ అమెరికా నుంచీ తెచ్చిన సీట్లు ఇక్కడ చెల్లవు, ఆస్ట్రేలియా ప్రమాణపు స్టిక్కరు ఉండాలి. మోటర్‌హోమ్ అద్దెకి తీసుకునేవాళ్ళు ముందే అడగండి: పిల్లల సీటు పై పట్టీ కట్టే కొక్కేలు ఎన్ని ఉన్నాయి? చాలా బళ్ళలో నలుగురు పడుకోవచ్చు గానీ కొక్కేలు రెండే ఉంటాయి. కదిలే కారవాన్‌లో పిల్లల్ని పడుకోబెట్టడం చట్టవిరుద్ధం, ఎంత ఏడ్చినా వద్దు.

కారవాన్ పార్కులో అన్నిటికన్నా ప్రమాదకరమైన పది నిమిషాలు బండి వెనక్కి పెట్టేటప్పుడు. సీట్లో నుంచి విడుదలైన పిల్లలు చక్రాల వెనక్కి పరుగెత్తుతారు, అద్దంలో కనపడరు. ఇద్దరిలో ఒకరు కిందికి దిగి దారి చూపిస్తుంటే పిల్లలు సీట్లలోనే కట్టి ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, ఇంజను ఆపాకే బకిల్ విప్పాలి. నిప్పు వేసుకున్న చోట ఇసుక కప్పి వదలకండి, గంటలు గడిచినా కింద నిప్పులుంటాయి, తెలియక పిల్లలు కాలు పెడతారు. నీళ్ళు పోసి ఆర్పండి. కాలితే 20 నిమిషాలు చల్లటి పారే నీళ్ళు, మూడు గంటల్లోపు ఎప్పుడైనా పనిచేస్తుంది. వెన్న, టూత్‌పేస్టు, పసుపు ఏవీ వద్దు.

అక్కడ నేలంతా పల్లేరుకాయలే. నిజంగా మన పల్లేరే, అదే మొక్క. చెప్పులు లేకుండా గడ్డిలోకి అడుగు పెట్టనివ్వకండి, ఆడి వచ్చాక బొమ్మబండి టైర్లు కూడా చూడండి. పొదల్లో పాములుంటాయి. కరిస్తే పిల్లని కదలనివ్వొద్దు, కడగొద్దు, కొయ్యొద్దు, తాడు కట్టొద్దు. వెడల్పాటి సాగే బ్యాండేజీ కాటు మీద గట్టిగా చుట్టి, తర్వాత వేళ్ళ నుంచి మొదలుపెట్టి ఆ కాలో చెయ్యో పైదాకా చుట్టి, కర్ర కట్టి, అత్యవసర నెంబరు 000కి ఫోన్ చేయండి. కాటు ఎక్కడో బ్యాండేజీ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పిల్లల కాలికి రెండు పొడుగు బ్యాండేజీలు సరిపోతాయి, నాలుగు కొనుక్కోండి. విషం, మందుల విషయంలో సలహాకి 13 11 26 నెంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

వాంతులయ్యే పిల్లకి స్క్రీను ఇవ్వొద్దు, దూరంగా కనపడే కొండని చూపించండి. ఈగలు కళ్ళలో పడతాయి, మొహం మీద వల కప్పే టోపీలు కొనండి, పిల్లలు మొదటి రోజు తీసేస్తారు, రెండో రోజు వాళ్ళే అడుగుతారు.

చూడదగ్గవి కొన్నే చెప్తాను, పిల్లల కాళ్ళకి తగ్గవి. పింబా పక్కన ఆరు కిలోమీటర్లలో వూమెరా. నిజమైన రాకెట్లు బయట నిలబెట్టి ఉంటాయి. 1967లో ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం అక్కణ్ణుంచే ఎగిరింది, జపాన్ వాళ్ళ హయబుసా గుళికలు 2010లో, 2020లో గ్రహశకలాల ధూళి తెచ్చి ఆ ఎడారిలోనే దిగాయి. కూబర్ పీడీలో నేలలోపలి ఇళ్ళు చూపించండి, కానీ ఊరి చుట్టూ మూతల్లేని ఒపల్ గనుల బావులున్నాయి. ఫోటో తీస్తూ వెనక్కి నడవద్దని బోర్డులుంటాయి, అక్కడ పిల్ల చెయ్యి వదలకండి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో పాత టెలిగ్రాఫ్ స్టేషన్. 1872లో ఆ తంతి పూర్తయినప్పుడు ఎడిలైడ్ వార్త డార్విన్ నుంచి సముద్రం కింద జావా, సింగపూర్ దాటి మన మద్రాసు మీదుగా లండన్ చేరేది. పెద్ద పిల్లలకి మ్యాపు మీద వేలు పెట్టి చూపించండి.

యులారా వెళ్ళే దారిలో ఎడమవైపు బల్లపరుపు కొండ ఒకటి కనిపించగానే అందరూ ఉలూరు అనుకుంటారు. అది మౌంట్ కానర్. ఉలూరు చుట్టూ నడక 10.6 కిలోమీటర్లు. చిన్నపిల్లలకి మాలా నడక రెండు కిలోమీటర్లు, ముటిజులు నీటిగుంట దాకా కునియా నడక ఒకటి, అవి చాలు. కొండెక్కడం 2019 అక్టోబరు 26న మూసేశారు. ఆ నేల ఆదివాసులైన అనంగు ప్రజలకి అది గుడిలాంటి చోటు. ఫోటో తీయొద్దని బోర్డున్న చోట తీయొద్దు, రాయీ మట్టీ జేబులో వేసుకోనివ్వొద్దు. మన గర్భగుడి ఉదాహరణ చెప్తే నాలుగేళ్ళ పిల్లకీ అర్థమవుతుంది. దగ్గర్లోని కాటా జూటా కొండల్లో వ్యాలీ ఆఫ్ ది విండ్స్ నడక 36 డిగ్రీలు దాటుతుందంటే పదకొండింటికే మూసేస్తారు. యులారాలో జులై చోటు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

ప్రశ్నలకి సమయముంది. ముందు వరసలో అమ్మగారు అడుగుతున్నారు, ఊడ్నడాటా ట్రాక్ మట్టి రోడ్డు కూడా చూడొచ్చా అని. మొదటిసారి, చిన్నపిల్లలతో, వద్దండీ. వాన పడితే ఆ రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డు మీదికి వెళ్తే జరిమానా వేస్తారు, మధ్యలో చిక్కుకుంటే రోజుల తరబడి అక్కడే. కుదుపుకి అలమారుల మరలు ఊడతాయి, దుమ్ము పరుపుల్లోకి వస్తుంది. అంత ఇష్టంగా ఉంటే కారవాన్‌ని మార్లా పార్కులో వదిలి, కారులో నీళ్ళ క్యాన్లు మూడూ పెట్టుకుని, పొద్దున ఆ రోడ్డు మీద 20 కిలోమీటర్లు వెళ్ళి ఎర్రమట్టిలో గంటసేపు పిల్లల్ని ఆడించి, భోజనం వేళకి వెనక్కి రండి.